మీటకు మీట కాపలా

1861 ఆగస్టు 25, ఆదివారం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ స్టేషన్. లండన్ వెళ్లి రావడానికి చవక టికెట్లు పెట్టారు కాబట్టి పొద్దున్నుంచే ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోంది.

వరసగా మూడు రైళ్లు కదలాలి. మొదటిది పోర్ట్స్‌మత్ వైపు నుంచి వచ్చిన ఎక్స్‌కర్షన్. రెండోది బ్రైటన్ ఎక్స్‌కర్షన్. మూడోది మామూలు ప్యాసింజరు. ఒక బండి వెళ్లాక 5 నిమిషాలు ఆగి గాని ఇంకో బండిని వదలకూడదన్నది రూలు. అప్పటికే అన్నీ ఆలస్యం. ఒకటి 8.28కి కదిలింది. రెండోది 8.31కి. మూడోది 8.35కి.

దారిలో క్లేటన్ అనే చోట కొండను తొలిచి టన్నెల్ వేశారు. పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. దక్షిణం కొసన ఒక కేబిన్, ఉత్తరం కొసన ఒక కేబిన్. దక్షిణం వైపు డ్యూటీలో ఉన్నది హెన్రీ కిల్లిక్. ఉత్తరం వైపు బ్రౌన్. ఇద్దరి మధ్యా ఒక టెలిగ్రాఫ్ తీగ, దాని చివర అటూ ఇటూ ఊగే ఓ సూది. కిల్లిక్ ఆ ఆదివారం 24 గంటల డ్యూటీ చేస్తున్నాడు. వారంలో ఒక్క రోజు పూర్తిగా సెలవు దొరకాలంటే అలా ఏకబిగిన నిలబడక తప్పేది కాదు.

కేబిన్‌కు ముందు ఒక సిగ్నల్ ఉంది. బండి దాటగానే దానంతటదే 'ఆగు' చూపించాలి. చూపించకపోతే కేబిన్‌లో గంట మోగుతుంది.

మొదటి బండి టన్నెల్‌లోకి దూరింది. గంట మోగింది. సిగ్నల్ తిరగబడలేదు. కిల్లిక్ ముందు బ్రౌన్‌కు 'టన్నెల్‌లో బండి ఉంది' అని కబురు కొట్టాడు. సిగ్నల్ సరిచేద్దామని తిరిగేలోపే రెండో బండి కళ్లముందు ఉంది. ఎర్రజెండా పట్టుకుని బయటికి పరిగెత్తి ఊపాడు. బండి టన్నెల్ చీకట్లో కలిసిపోయింది. డ్రైవరు చూశాడా, చూడలేదా?

కిల్లిక్ సూది కదిపి 'టన్నెల్ ఖాళీయేనా?' అని అడిగాడు. సరిగ్గా అప్పుడే మొదటి బండి ఉత్తరం వైపు బయటపడింది. బ్రౌన్‌కు తెలిసింది ఆ ఒక్క బండి సంగతే. 'ఖాళీ' అని జవాబిచ్చాడు. కిల్లిక్ ఆ మాట రెండో బండికి వర్తింపజేసుకున్నాడు. ఈలోగా మూడో బండి వచ్చి సిగ్నల్ దగ్గర నెమ్మదిస్తోంది. కిల్లిక్ తెల్లజెండా ఊపాడు. ఆ రోజుల్లో తెలుపంటే 'రావచ్చు' అని.

రెండో బండి డ్రైవరు ఎర్రజెండా చూశాడు. చూశాడు కాబట్టే టన్నెల్ లోపల బండి ఆపాడు. ఆపి, ఏం జరిగిందో కనుక్కుందామని వెనక్కి నడపడం మొదలుపెట్టాడు. ఆ చీకట్లో మూడో బండి ఇంజను వచ్చి చివరి పెట్టెల మీదికెక్కింది. 23 మంది చనిపోయారు. 176 మంది గాయపడ్డారు. కొందరిని ఢీకొన్న దెబ్బ చంపితే, కొందరిని ఇంజను నుంచి ఎగజిమ్మిన ఆవిరి, మరిగే నీళ్లు చంపాయి.

ఈ వరసలో ప్రతి మనిషీ ఏం చేశాడో చూడండి. కిల్లిక్ జెండా ఊపాడు, అడగాల్సింది అడిగాడు. బ్రౌన్ నిజమే చెప్పాడు. డ్రైవరు ఎర్రజెండాకు కట్టుబడ్డాడు. అయినా 23 శవాలు లేచాయి. కరోనర్ దగ్గర జ్యూరీ నరహత్య నేరం మోపింది కిల్లిక్ మీద కాదు, బ్రైటన్‌లో బండ్లను వెంటవెంటనే వదిలిన అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ చార్లెస్ లెగ్ మీద. పై కోర్టు ఆయన్ని నిర్దోషి అని విడిచిపెట్టింది. ప్రమాదం జరిగిందంటే ఒక మనిషిని వెతికి బోనులో నిలబెట్టడం, అతనిది తప్పా ఒప్పా అని తేల్చడం. రైల్వేలు పుట్టిన దగ్గర్నుంచీ నడిచిన పద్ధతి అది.

ఇంకో పద్ధతి ఉందని గట్టిగా నమ్మిన మనిషి ఒకడు ఆ లైను మీదే, దాన్ని నడిపే కంపెనీలోనే ఉన్నాడు. ఇంజనీరింగ్ చదువుకున్నవాడు కాదు. వడ్రంగి.

*

జాన్ సాక్స్‌బీ 1821లో బ్రైటన్‌లోనే పుట్టాడు. చిన్నప్పుడే వడ్రంగం పనిలో చేరి, తర్వాత లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేలో కుదిరాడు. రైల్వేలో వడ్రంగి అంటే కుర్చీలూ బల్లలూ చేసేవాడు కాదు. సిగ్నల్ స్తంభాలు, వాటి చేతులు, కేబిన్లు, గేట్లు అన్నీ అప్పట్లో చెక్కవే. కాబట్టి ఆయన పనంతా పట్టాల పక్కనే. జంక్షన్లలో సిగ్నల్ మన్ ఏం చేస్తాడో, ఎంత ఒత్తిడిలో చేస్తాడో ఆఫీసు కాగితాల మీద కాకుండా కళ్లారా చూసినవాడు.

ఆ రోజుల్లో జంక్షన్ ఎలా ఉండేదో తెలిస్తే గాని సాక్స్‌బీ చేసిన పని విలువ తెలియదు. రెండు లైన్లు కలిసేచోట బండిని ఇటు తిప్పాలా అటు తిప్పాలా అన్నది పాయింట్లు తేలుస్తాయి. రావాలా ఆగాలా అన్నది సిగ్నల్ చెబుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి తెలియని రెండు వేరువేరు పనులు. చాలాచోట్ల పాయింట్ల దగ్గర ఒక మనిషి, సిగ్నల్ స్తంభం దగ్గర ఇంకో మనిషి. లండన్ శివార్లలోని బ్రిక్‌లేయర్స్ ఆర్మ్స్ జంక్షన్‌లో 1840లలో చార్లెస్ హటన్ గ్రెగరీ ఒక మెరుగు తెచ్చాడు. సిగ్నల్ తీగలన్నిటినీ ఒకచోటికి లాగి, గుర్రపు జీనుకుండే రికాబుల్లాంటి ఇనప కొక్కేలకు తగిలించాడు. సిగ్నల్ మన్ కాలితో తొక్కితే సిగ్నల్ కదులుతుంది. పాయింట్లకు మాత్రం చేతి మీటలు వేరే. ఒక మనిషే నిలబడి, కాలితో సిగ్నళ్లు, చేత్తో పాయింట్లు.

పని తేలికైంది. ప్రమాదం అలాగే ఉంది. కాలు చెప్పింది చెయ్యి వినాలన్న కట్టుబాటు ఏదీ ఆ ఇనుములో లేదు.

అలాంటి కేబిన్‌లో ఒక శీతాకాలపు రాత్రిని ఊహించుకుందాం. పొగమంచు. సిగ్నల్ మన్ పక్కన రిజిస్టరు రాసే కుర్రాడు.

"ఏరా, మెయిన్ లైన్ బండికి పాయింట్లు మార్చానా?"

"మార్చారనే అనుకుంటున్నా బాబాయ్."

"అనుకోవడం కాదురా. కళ్లతో చూశావా?"

"ఈ మంచులో ఏం కనిపిస్తుంది బాబాయ్?"

అవతల ఇంజను కూత. ఆలోచించడానికి టైము లేదు. కాలు రికాబు మీదికి వెళుతుంది. సిగ్నల్ పడుతుంది. పాయింట్లు సరిగా ఉంటే బండి దాటిపోతుంది, ఆ రాత్రి గురించి ఎవరూ మాట్లాడుకోరు. సరిగా లేకపోతే మర్నాడు పేపర్లో సిగ్నల్ మన్ పేరు ఉంటుంది.

సాక్స్‌బీ బుర్రను తొలిచింది ఈ 'అనుకుంటున్నా' అన్న మాటే అయి ఉండాలి. మనిషిని ఇంకాస్త జాగ్రత్తగా ఉండమని చెప్పడం కాదు, పొరపాటు చెయ్యబోతే ఇనుమే ఒప్పుకోకూడదు. 1856లో ఆయన తీసుకున్న పేటెంటు సారాంశం ఇదే. పాయింట్లనూ వాటికి సంబంధించిన సిగ్నళ్లనూ ఒకే కదలికకు కట్టేశాడు. పాయింట్లు తిరిగితే వాటితోపాటే సిగ్నల్ మారుతుంది. ఆ తొలి మీటల చట్రాన్ని, అంటే ఫ్రేమును, బిగించింది గ్రెగరీ రికాబులు పెట్టిన ఆ బ్రిక్‌లేయర్స్ ఆర్మ్స్ జంక్షన్‌లోనే.

నిజం చెప్పాలంటే ఆ పేటెంటులో లోపం ఉంది. రెండూ ఒకేసారి కదులుతాయన్నమాటే గాని, ఒకటి పూర్తయ్యాకే రెండోది మొదలవ్వాలన్న నియమం లేదు. మీట సగం లాగి ఆగితే పాయింట్లు సగం, సిగ్నల్ సగం. సగం తిరిగిన పాయింట్ల మీదికి బండి వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇక్కడ కథలోకి ఇంకో ఇద్దరు వస్తారు. రైల్వేలను తనిఖీ చేసే ప్రభుత్వ శాఖ బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో ఇన్‌స్పెక్టరు కల్నల్ విలియం యోలండ్, ఆయన ఎత్తిచూపిన లోపాన్ని సరిదిద్దిన ఆస్టిన్ ఛాంబర్స్. 1859లో లండన్ కెంటిష్ టౌన్ జంక్షన్ తనిఖీకి వెళ్లిన యోలండ్, అక్కడి ఫ్రేము ఒకదానికొకటి పొసగని సిగ్నళ్లను ఒకేసారి ఇవ్వనిస్తోందని లైను తెరవడానికి ఒప్పుకోలేదు. ఛాంబర్స్ కూర్చుని, ముందు ఈ మీట పూర్తిగా లాగితేనే ఆ మీట కదిలేలా ఏర్పాటు చేశాడు. మీటల మధ్య వరసక్రమాన్ని ఇనుముతో రాసిన మొదటి ఫ్రేము అదేనని చాలామంది ఒప్పుకుంటారు. 1860లో ఛాంబర్స్ పేటెంటు తీసుకున్నాడు. సాక్స్‌బీ కూడా అదే ఏడాది తన పాత లోపాన్ని దిద్దుకుని కొత్త పేటెంటుతో వచ్చాడు.

మీటకు మీట తాళం వేసే ఈ ఏర్పాటు పేరు ఇంటర్‌లాకింగ్. 'దాన్ని కనిపెట్టింది ఎవరు?' అని అడిగితే అందుకే ఒక్క పేరుతో జవాబు రాదు. కాకపోతే ఒక జంక్షన్‌లో పనిచేసిన ఏర్పాటును దేశదేశాల జంక్షన్లకు చేర్చడం వేరే పని. దానికి కార్ఖానా కావాలి, పెట్టుబడి కావాలి, రైల్వే కంపెనీల గుమ్మం తొక్కి ఒప్పించే నోరు కావాలి. సాక్స్‌బీ దగ్గర మొదటి రెండూ కొద్దిగానే ఉన్నాయి. మూడోది తెచ్చిపెట్టినవాడు జాన్ స్టిన్సన్ ఫార్మర్.

*

ఫార్మర్ అదే బ్రైటన్ రైల్వేలో ట్రాఫిక్ విభాగంలో అసిస్టెంట్ మేనేజరు. బండ్లు ఎక్కడ ఇరుక్కుంటాయో, ఎవరు డబ్బు మంజూరు చేస్తారో, ఏ డైరెక్టరును ఎలా పలకరించాలో తెలిసినవాడు. వడ్రంగీ మేనేజరూ కలిసి 1862 ప్రాంతంలో సాక్స్‌బీ అండ్ ఫార్మర్ అని బోర్డు పెట్టారు. సాక్స్‌బీ మొదట పని ప్రారంభించింది బ్రైటన్ లైను మీదే ఉన్న హేవర్డ్స్ హీత్‌లో. క్లేటన్ టన్నెల్ అక్కణ్నుంచి ఎంతో దూరం లేదు. 1863లో లండన్ వాయవ్యాన కిల్‌బర్న్‌లో పెద్ద కార్ఖానా లేచింది.

అక్కడ ఏం తయారయ్యేదంటే, ఒక జంక్షన్‌కు కావలసినదంతా. చెక్క కేబిన్, దాని అద్దాల కిటికీలు, లోపల మీటల ఫ్రేము, కిందికి దిగే కడ్డీలు, పట్టాల పొడవునా పరుచుకునే రాడ్లు, తీగలు, కప్పీలు, స్తంభాలు, సిగ్నల్ చేతులు. రైల్వే కంపెనీ తన యార్డు మ్యాపు పంపిస్తే, ఏ మీట దేన్ని ఆపాలి, దేన్ని వదలాలి అని డ్రాయింగ్ ఆఫీసులో పట్టిక గీసేవారు. ఆ పట్టికే అసలు సరుకు. మిగతాదంతా ఆ పట్టికకు ఇనుముతో చేసిన నకలు.

ఆ కేబిన్లలో కొన్ని ఈనాటికీ నిలబడి ఉన్నాయి. ససెక్స్‌లోని బిలింగ్స్‌హర్స్ట్ స్టేషన్ కోసం 1876లో కట్టినదాన్ని విప్పి, ఆంబర్లీ మ్యూజియంలో తిరిగి బిగించారు.

వాళ్ల ఫ్రేముల్లో అన్నిటికంటే తెలివైన పని మీటలో కాదు, మీట పిడిలో ఉంది. ప్రతి మీట పిడి వెనకా ఇంకో చిన్న పిడి ఉంటుంది. సైకిల్ బ్రేకు నొక్కినట్టు రెండింటినీ కలిపి పిడికిలి బిగిస్తే, కింద గాడిలో కూర్చున్న గొళ్లెం లేస్తుంది. అప్పుడు గాని మీట కదలదు. ఇది అందరి ఫ్రేముల్లోనూ ఉన్నదే. సాక్స్‌బీ దగ్గరకు వచ్చేసరికి తాళం వేసే పని ఈ చిన్న పిడికి అప్పగించారు. సిగ్నల్ మన్ ఇంకా మీట లాగలేదు. పిడికిలి మాత్రమే బిగించాడు. ఆ బిగింపుతోనే కింద ఒక ఇనప పలక సగం ఒరుగుతుంది. అది ఒరగడంతో ఆ మీటకు విరుద్ధమైన మీటలన్నిటికీ తాళాలు పడిపోతాయి. ఒకవేళ వాటిలో ఏదైనా అప్పటికే లాగి ఉంటే పలక ఒరగదు. పలక ఒరగకపోతే చిన్న పిడి కదలదు. మీట జోలికి వెళ్లే అవకాశమే రాదు. ఇక మీటను ఈ కొస నుంచి ఆ కొసకు లాగుతున్నంతసేపూ పలక అలాగే ఉంటుంది. అవతలి గాడిలో గొళ్లెం పూర్తిగా కూర్చున్నాకే మిగతా సగం ఒరిగి, తర్వాత లాగవలసిన మీటకు తాళం తీస్తుంది. సగం లాగి వదిలేసిన మీట దేనికీ అనుమతి ఇవ్వలేదు.

1856 నాటి లోపానికి ఇది పూర్తి జవాబు. మీట కదిలాక తప్పును పట్టుకోవడం కాదు, సిగ్నల్ మన్ మనసులో అనుకుని పిడికిలి బిగించగానే తప్పును పట్టుకోవడం. ఆ ఫ్రేములో కరెంటు మోటారు లేదు, రిలే లేదు. ఉన్నదల్లా ఇనుము, కడ్డీ, గాడి. వాటితోనే మనిషి ఉద్దేశానికి తాళం వేశారు. 1871 పేటెంటుతో వచ్చిన రాకర్ ఫ్రేము పనితనం అది. దాని గురించి చదివిన ప్రతిసారీ ఈ వడ్రంగికి మనసులోనే దండం పెట్టుకుంటాను.

గిరాకీ వచ్చిపడింది. 1873 నాటికి లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే ఒక్కదానిలోనే 13,000 ఇంటర్‌లాకింగ్ మీటలు పనిచేస్తున్నాయి. బ్రైటన్ స్టేషన్‌లోని సౌత్ కేబిన్‌కు 1880లలో 240 మీటల ఫ్రేము ఇచ్చారు. 1878లో పారిస్ ఉత్తరాన క్రెయ్‌లో ఇంకో కార్ఖానా తెరిచారు. పోటీ కూడా అంతే జోరుగా వచ్చింది. సదర్క్‌లో స్టీవెన్స్, వూస్టర్‌లో మెకెంజీ అండ్ హాలండ్, లివర్‌పూల్ దగ్గర రైల్వే సిగ్నల్ కంపెనీ. పేటెంట్ల మీద కోర్టుల్లో కొట్టుకున్నారు. చివరికి ప్రపంచమంతా ఎక్కువగా వాడుకున్నది స్టీవెన్స్ వాళ్ల దగ్గర 1870లో పుట్టిన ట్యాపెట్ లాకింగ్ అనే తాళాల పద్ధతి. సాక్స్‌బీ రాకర్ కన్నా అది చవక, మరమ్మతు తేలిక. ఇనుములో గెలుపు తెలివికే దక్కాలని లేదు.

*

ఇంత గిరాకీ ఉన్నా కంపెనీలన్నీ ఎగబడి కొనలేదు. ఖర్చు ఒక కారణం. ఇంకో కారణం వింటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. 'భారమంతా యంత్రం మీద వేస్తే మనిషి అజాగ్రత్తగా తయారవుతాడు' అని పెద్ద పెద్ద మేనేజర్లు ప్రభుత్వానికి రాసేవారు. 24 గంటలు నిద్ర లేకుండా నిలబెట్టిన మనిషి గురించి ఆ మాట. అతని జాగ్రత్త మీద అంత గౌరవం ఉంటే ముందు డ్యూటీ గంటలు తగ్గించాలి కదా!

ప్రభుత్వం చేతులు కూడా కట్టేసి ఉన్నాయి. కొత్త లైను తెరిచేటప్పుడు ఇన్‌స్పెక్టరు తనిఖీ చేసి 'ఇది పనికిరాదు' అనగలడు. కెంటిష్ టౌన్‌లో యోలండ్ చేసింది అదే. ఒకసారి తెరిచాక మాత్రం ఏ లోపం కనిపించినా సలహా ఇవ్వడమే తప్ప ఆజ్ఞాపించే అధికారం లేదు. యోలండ్, ఆయన తోటి అధికారులు ఏళ్ల తరబడి ప్రతి ప్రమాద నివేదిక చివరా అవే సిఫార్సులు రాస్తూ వచ్చారు. 1873లో పార్లమెంటు ఒక చిన్న చట్టం చేసింది. ఎన్ని జంక్షన్లలో ఇంటర్‌లాకింగ్ పెట్టారు, లైను ముక్కకు ఒకే బండి అనే బ్లాక్ పద్ధతిని ఎన్ని మైళ్లలో తెచ్చారు అన్న లెక్కలు కంపెనీలు ఏటా సమర్పించాలి. పెట్టి తీరాలని లేదు, చెప్పి తీరాలని మాత్రం ఉంది. లెక్కలు బయటపడ్డాక వెనకబడ్డ కంపెనీలు తల దించుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ క్లేటన్ విషయంలో ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సాక్స్‌బీ ఫ్రేము ఆ రోజు కిల్లిక్ కేబిన్‌లో ఉన్నా ఆ ప్రమాదం ఆగేది కాదు. అక్కడ పాయింట్లకూ సిగ్నళ్లకూ పొత్తు కుదరకపోవడం లేదు. ఒక బండికీ ఇంకో బండికీ మధ్య నిమిషాల ఎడం పాటించడమే అసలు జబ్బు. దానికి మందు బ్లాక్ పద్ధతి. లైనును ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్కలో ఒక బండి ఉండగా రెండోదాన్ని రానివ్వకపోవడం. మన స్టేషన్లలో 'లైన్ క్లియర్' అడగడం దాని కొనసాగింపే. ఇంటర్‌లాకింగ్, బ్లాక్, బండి మొత్తానికి పనిచేసే బ్రేకు. ఈ మూడూ కలిస్తేనే ప్రయాణికుడు ఇల్లు చేరతాడని ఇన్‌స్పెక్టర్లు గొంతు చించుకున్నారు.

1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర ఆ మాటకు రుజువు దొరికింది. సండే స్కూలు పిల్లలతో విహారానికి బయల్దేరిన బండి. ఎత్తు ఎక్కలేక ఇంజను ఆగిపోయింది. బండిని రెండు ముక్కలు చేసి ముందు సగం తీసుకెళ్దామనుకున్నారు. విడగొట్టగానే వెనక సగానికి చేతి బ్రేకు తప్ప ఇంకే బ్రేకూ లేకుండా పోయింది. చక్రాల కింద పెట్టిన రాళ్లు నిలవలేదు. పిల్లలు నిండిన పెట్టెలు వెనక్కి దొర్లుకుంటూ వెళ్లి, కింది నుంచి వస్తున్న ఇంకో బండికి గుద్దుకున్నాయి. చనిపోయినవాళ్లు 80 మంది. వాళ్లలో చాలామంది పిల్లలు.

ఈ మూడింటినీ తప్పనిసరి చేసే చట్టం కోసం ఇరవై ఏళ్లకు పైగా చూసిన ఎదురుచూపు మూడు నెలల్లోపే తీరింది. ఆగస్టు ముగిసేలోపు బ్రిటన్‌లో రైల్వేల నియంత్రణ చట్టం వచ్చింది. ప్రయాణికుల లైన్లలో ఇంటర్‌లాకింగ్, బ్లాక్, ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి అయ్యాయి. మేనేజర్లు ముప్పై ఏళ్లుగా వద్దన్నదాన్ని ఆ పిల్లల ప్రాణాలు ఒప్పించాయి.

*

చట్టం వచ్చేనాటికి భాగస్వాములు విడిపోయే దారిలో ఉన్నారు. సాక్స్‌బీ కొడుకుతో కలిసి ఫ్రాన్స్ వ్యాపారం చూసుకున్నాడు. ఫార్మర్ 1892లో పోయాడు. 1903లో కిల్‌బర్న్ కార్ఖానా మూసి, పనిని విల్ట్‌షైర్‌లోని చిప్పెన్‌హామ్‌కు తరలించారు. సాక్స్‌బీ 91 ఏళ్లు బతికి, 1913 ఏప్రిల్‌లో హాసక్స్‌లోని తన ఇంట్లో కన్నుమూశాడు. హాసక్స్ అంటే క్లేటన్ టన్నెల్ ఉత్తరపు నోటికి దగ్గర్లోని ఊరు.

1920లో కంపెనీ వెస్టింగ్‌హౌస్‌తో కలిసిపోయి 'వెస్టింగ్‌హౌస్ బ్రేక్ అండ్ సాక్స్‌బీ సిగ్నల్ కంపెనీ' అయ్యింది. 1935లో ఆ పేరులోంచి సాక్స్‌బీని తీసేశారు. ఆయన పేరు ఆయన దేశంలో బోర్డు మీద లేకుండా పోయింది. మన దేశంలో పోలేదు. కలకత్తా ఎంటాలీలో సాక్స్‌బీ అండ్ ఫార్మర్ ఇండియా శాఖ కార్ఖానా ఉండేది. అదే తర్వాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సంస్థగా 'వెస్టింగ్‌హౌస్ సాక్స్‌బీ ఫార్మర్ లిమిటెడ్' పేరుతో నడిచింది. వడ్రంగి పేరూ ట్రాఫిక్ మేనేజరు పేరూ పక్కపక్కనే.

మన స్టేషన్లలో ప్లాట్‌ఫారం చివర మెట్లెక్కి వెళ్లే కేబిన్లు గుర్తున్నవాళ్లకు ఈ కథలో పరాయితనం ఉండదు. వరసగా నిలబెట్టిన మీటలు. సిగ్నల్‌వి ఎరుపు, పాయింట్లవి నలుపు, పాయింట్లకు తాళం వేసేవి నీలం. చేతిలో నూలు గుడ్డ పట్టుకుని, ఒక కాలు ముందుకు తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగే కేబిన్ మన్. ఆ పనిని ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్లు, రిలేలు చేస్తున్నాయి. వాటిని నడిపే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. దేశంలో ఏ మూల పనిచేసే సిగ్నల్ అధికారైనా ఎప్పుడో ఒకప్పుడు ఆ గేటు దాటి లోపలికి వెళ్లినవాడే. అక్కడ నేర్పేది కొత్త పరికరాలను. వాటి లోపలి పట్టిక మాత్రం కిల్‌బర్న్ డ్రాయింగ్ ఆఫీసులో గీసిందే: ఏది దేన్ని ఆపాలి, ఏది దేన్ని వదలాలి.

ఆ పట్టికను పక్కదారి పట్టిస్తే ఏమవుతుందో 2023 జూన్ 2 సాయంత్రం మనందరికీ తెలిసింది. ఒడిశాలోని బాలాసోర్ దగ్గర బహనగా బజార్ స్టేషన్. హౌరా పక్కనున్న షాలిమార్ నుంచి విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లాల్సిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ మీద గ్రీన్ సిగ్నల్ పడింది. లోకో పైలట్ దాన్ని నమ్మి వచ్చాడు. నమ్మడమే అతని డ్యూటీ. పాయింట్లు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉన్నాయి. అక్కడ ఇనుప ఖనిజంతో గూడ్సు నిలబడి ఉంది. 290 మందికి పైగా పోయారు. ఆ రాత్రంతా టీవీల ముందు కూర్చుని మనవాళ్ల పేర్ల కోసం వెతికిన ఇళ్లు ఆంధ్రాలో ఎన్నో.

రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తులో తేలింది ఇది. స్టేషన్ పక్కన లెవెల్ క్రాసింగ్ గేటు మార్చే పనిలో సిగ్నల్ వైర్ల కలయికలో తప్పు జరిగింది. అంతకు కొన్నేళ్ల ముందే ఆ సర్క్యూట్లో చేసిన మార్పులో తప్పు ఉంది, దాన్ని ఎవరూ పట్టుకోలేదు. పాయింట్లు ఒక వైపు ఉంటే, అవి ఇంకో వైపు ఉన్నాయని తీగలు ఇంటర్‌లాకింగ్‌కు చెప్పాయి. ఇంటర్‌లాకింగ్ తనకు అందిన సమాచారం మేరకు సిగ్నల్ ఇచ్చింది. 1861లో బ్రౌన్ కూడా తనకు తెలిసిన నిజమే చెప్పాడు. సాక్స్‌బీ ఫ్రేములో పాయింట్లకూ మీటకూ మధ్య ఉన్నది ఇనప కడ్డీ. దాన్ని తప్పుగా తగిలిస్తే ఆ పూటే, ఎదురుగానే తెలిసిపోతుంది. తీగ తప్పు అలా కనిపించదు. గదిలో మూసి ఉన్న పెట్టెలో, ఒక చిన్న మర కింద, ఏళ్ల తరబడి దాగి ఉండగలదు. అందుకే ఆ తీగను ముట్టుకునే చెయ్యి ఒంటరిగా ఉండకూడదు.

బహనగా తర్వాత రైల్వే బోర్డు దేశంలోని స్టేషన్లన్నిటికీ ఒక ఆదేశం పంపింది. సిగ్నల్ సర్క్యూట్లు ఉండే రిలే గదులకు, పట్టాల పక్కన ఉండే సిగ్నల్ గుమ్టీలకు డబుల్ లాకింగ్ సరిగా ఉందో లేదో ఒక్కొక్కటిగా తనిఖీ చేయమని. రిలే గది తలుపుకు రెండు తాళాలు. ఒక తాళంచెవి స్టేషన్ మాస్టర్ దగ్గర. రెండోది సిగ్నల్ విభాగం మనిషి దగ్గర. ఇద్దరూ వచ్చి, ఎందుకు తెరుస్తున్నారో, ఎన్ని గంటలకో రిజిస్టరులో రాస్తేనే తలుపు తెరుచుకోవాలి.